పుట్టినిల్లు, మెట్టినిల్లు

కిందటి ఆదివారం పొద్దున్నే మా మావయ్యను వెంటబెట్టుకుని రాంనగర్ చేపల మార్కెట్టుకు వెళ్ళి, ఖాళీ సంచీతో తిరిగి వచ్చాను. తప్పు మార్కెట్టుది కాదు. మావయ్యది కోనసీమ. కంటి ఆపరేషన్ చేయించుకుందామని వచ్చి పదిరోజులుగా మా యింట్లోనే వుంటున్నాడు. ఆ నల్లకళ్ళద్దాలతోనే ఒక చేపను ఎత్తి, మొప్ప విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదే నీళ్ళదయ్యా?" అన్నాడు.

"గోదావరి చేప, పెద్దయ్యా!" అన్నాడు అమ్మేవాడు.

"గోదావరి మొహం ఎరగదిది. చెరువులో తవుడు తిని పెరిగింది" అని మావయ్య దాన్ని మళ్ళీ బుట్టలో పెట్టేశాడు. అమ్మేవాడు నవ్వేశాడు గాని కాదనలేదు.

రాంనగర్ గుండు దగ్గర రోడ్డు దాటుతూ, "అంత గట్టిగా ఎట్లా చెప్పావు మావయ్యా?" అని అడిగాను.

"తిన్న తిండీ, తిరిగిన నీళ్ళూ ఒంట్లో వుండక ఎక్కడికి పోతాయిరా?" అన్నాడు.

ఆ సాయంకాలమే అదే మాట ఒక శాస్త్రజ్ఞుడి నోట మళ్ళీ వినబోతున్నానని నేననుకోలేదు.

మావయ్య వచ్చింది కంటికోసం ఒక్కదానికే కాదని మధ్యాహ్నం భోజనాలయ్యాక తెలిసింది. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. రాజోలు దగ్గర ఆయనకు మిగిలిన ఎకరంన్నర కొబ్బరితోటకు అమ్మకం అగ్రిమెంటు. సంతకం ఒక్కటే తక్కువ. ధర చూసి నేను నిర్ఘాంతపోయాను.

"ఇంత చవగ్గా ఎందుకు మావయ్యా?"

"కింద చమురు చెరువుందిటరా అబ్బాయ్. కంపెనీవాళ్ళు గొట్టాలు దించి తోడేస్తున్నారు గదా! చెరువు ఖాళీ అయ్యాక పైనున్న నేల నిలుస్తుందా? ఇవాళో రేపో కుంగుతుందంటున్నాడు బ్రోకరు. కుంగాక కొనేదెవడు?"

"మరి కుంగిపోయే నేలను ఆ కొనేవాడు ఎందుకు కొంటున్నాడు బాబాయిగారూ?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. ఎం.ఏ. చదివి ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

అయినా మావయ్యను ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. ఆ చమురుతో నాకూ ఒక పాత లెక్క వుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జిసి తవ్వుతున్న బావి పేలి నిప్పంటుకుంది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళాను. దిగిన రాత్రి నిద్రలో లేచి చూస్తే గోడమీద కొబ్బరాకుల నీడలు ఆడుతున్నాయి. తెల్లవారిందనుకుని బయటికి వచ్చాను. తెల్లవారలేదు. ఆకాశం ఒక పక్కన నిప్పులా వుంది. ఎంతకీ దాటిపోని రైలు మోతలాంటి మోత. ఆ యేడు మా వీధిలో భోగిమంట వెయ్యలేదు. "ఆ మంట చాలదట్రా?" అంది అమ్మమ్మ. అరవై అయిదు రోజులు మండింది అది. పైదేశాలనుంచి నిపుణులు వచ్చి మార్చి నెల నడుమ దాని నోరు మూయగలిగారు. భూమి కింద పెద్ద చెరువుందనీ, దానికి నిప్పంటుకుందనీ ఆనాడు నేననుకున్నాను. నిజం చెప్పాలంటే, మొన్న ఆదివారందాకా నా మనస్సులో వున్నది ఆ చెరువే.

మా మేడమీది వాటాలో ఒక పెద్దాయన వుంటారు. జన్మంతా రాళ్ళనూ నూనెలనూ పరీక్ష చేసి రిటైరయిన భూరసాయన శాస్త్రజ్ఞులు. సాయంకాలం మావయ్యనూ, ఆ కాగితాన్నీ తీసుకుని డాబా ఎక్కాను. ఆయన కాగితం చదవలేదు. డాబా మూల పడివున్న ఇటుకల్లోంచి ఒకటి తీసి, బకెట్టు నీళ్ళలో వేశారు. బుడబుడమని బుడగలు వచ్చాయి. కొంతసేపటికి ఇటుక తీసి మావయ్య చేతికిచ్చారు.

"బరువెక్కింది" అన్నాడు మావయ్య.

"లోపల బోలుగా వుందా? గొయ్యి వుందా?"

"ఇటుక ఇటుకలాగే వుంది."

"మీ వూరి కింద వున్నదీ అంతే నండీ. చెరువు లేదు, గుహ లేదు. ఇసుకరాయి వుంది. రేణువుకూ రేణువుకూ మధ్య సందులున్నాయి. మంచి రాయి అయితే నూటికి ఇరవై పాళ్ళు, ముప్ఫై పాళ్ళు సందులే. మొదట వాటినిండా నీళ్ళు వుండేవి. చమురు వచ్చి నీళ్ళను పక్కకు నెట్టి చోటు చేసుకుంది."

"వచ్చి అంటే? అక్కడిది కాదా?"

"కాదు. దాని పుట్టినిల్లు వేరు, మెట్టినిల్లు వేరు."

చమురు పుట్టేది ఇసుకరాయిలో కాదట. నదులు తెచ్చిన బురదతోబాటు ఆకూ అలమూ, కంటికి కనిపించని నాచూ నీటి అడుగుకు చేరతాయి. గాలి సోకని చోట అవి పూర్తిగా కుళ్ళవు. మీద మరికొంత బురద, దానిమీద మరికొంత. బరువుకు ఆ బురద పొరలు పొరలుగా వూడివచ్చే రాయి అవుతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని షేల్ అంటారు. లోతుకు దిగినకొద్దీ కిలోమీటరుకు సుమారు 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అరవై డిగ్రీలు దాటినప్పటినుంచి నూటయాభై దాకా ఆ జీవపదార్థం కరిగి చమురవుతుంది. ఇంకా కాగితే గ్యాసు. వంట పూర్తి కావడానికి లక్షల యేళ్ళు, కోట్ల యేళ్ళు.

"మన గోదావరి కృష్ణల మధ్య ఇటువంటి పుట్టిళ్ళు ముఖ్యంగా మూడు" అని ఆయన వేళ్ళు మడిచారు. "ఒకటి కొమ్ముగూడెం. రెండు రాఘవాపురం. మూడు వాడపర్రు."

మావయ్య కళ్ళద్దాలు తీసేశాడు. "మా వూళ్ళే!"

"మీ వూళ్ళే. వాటి పేర్లే రాళ్ళకు పెట్టారు. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు గోదావరి జిల్లా తీరమంతా తిరిగి 1880లో ఒక గ్రంథం ప్రకటించాడు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి అని పేర్లు పెట్టింది ఆయనే. ఆ తిరుపతి మన పెద్ద తిరుపతి కాదు. ద్వారకా తిరుమల, మీ చిన్న తిరుపతి. అక్కడ కొండమీద మీరు మెట్లెక్కి దణ్ణం పెట్టే రాయి, సముద్రంవైపు వాలుకుంటూ పోయి, కోనసీమకు వచ్చేసరికి కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది."

ఈ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. కోనసీమ కింద వున్న రాయిని చూడడానికి పాతాళానికి దిగనక్కరలేదు. చిన్న తిరుపతి బస్సెక్కితే చాలు!

ఆ మూడు పుట్టిళ్ళ వయస్సులూ వేరు. కొమ్ముగూడెం పొర బొగ్గుతో కలిసినది, పాతికకోట్ల యేళ్ళు పైబడినది. మండపేట దగ్గర ఇసుకరాయిలో వున్న గ్యాసుకు తల్లి అదే. రాఘవాపురం పొరకు పదీ పన్నెండు కోట్ల యేళ్ళుంటాయి. వాడపర్రు పొర నాలుగయిదు కోట్ల యేళ్ళనాటి పడుచు. నడుమ ఆరున్నర కోట్ల యేళ్ళ కిందట, దక్కను పీఠభూమినంతా లావా ముంచెత్తిన రోజుల్లో, రాజోలు కిందా ఒక నల్లరాతి పొర పరుచుకుంది. దానికీ రాజోలు పేరే.

ఇంతకూ ఒక బావిలో పైకి వచ్చిన చమురు ఈ ముగ్గురు తల్లుల్లో ఎవరి బిడ్డ అని తెలిసేది ఎట్లా?

నా వృత్తికి దగ్గరగా వచ్చిన చోటు ఇది. అంచేత కొంచెం ఆగుతాను. 1934లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే రసాయన శాస్త్రవేత్త చమురులో ఒక అణువును గుర్తించాడు. ఆకులకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం కోట్ల యేళ్ళు మగ్గి, కొంత విరిగి, అయినా తన చట్రం పోగొట్టుకోకుండా మిగిలిన రూపం అది. చమురు బతికిన వాటినుంచే వచ్చిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేకపోయింది. తరువాత ఇటువంటి అణువులు వందలు దొరికాయి. వాటిని జీవచిహ్నాలంటారు. చమురులో అవి అతి తక్కువ పాళ్ళే. కాని చెప్పవలసినదంతా అవే చెబుతాయి.

వాటిలో ఓలియనేన్ అనేదొకటి. అది పూలు పూసే చెట్లనుంచే వస్తుంది. పూలచెట్లు భూమిమీద విస్తరించింది గట్టిగా పదీ పన్నెండు కోట్ల యేళ్ళనుంచే. అంచేత ఒక చమురులో ఓలియనేన్ బాగా కనబడితే, అది పాతికకోట్ల యేళ్ళ కొమ్ముగూడెం బిడ్డ కానేరదు. ఆనాటికి పువ్వే లేదు గదా!

"ఇది మేము చేసే పనే!" అన్నాను నేను ఆగలేక. ఎవరైనా ఒక తాటాకు ప్రతి తెచ్చి నన్నయగారి నాటిదంటే, అందులో మిరపకాయ మాట కనిపించిందనుకోండి, ఇక వాదం అక్కరలేదు. నన్నయగారిది పదకొండో శతాబ్దం. మిరపకాయ పోర్చుగీసువారి ఓడల్లో మనదేశానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. అట్లాగే రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు వుంటే, ఆ రెండూ ఒకే మూలంనుంచి ఎత్తిరాసినవని తేల్చవచ్చు. బ్రౌన్ దొర ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పండితుల చేత పోల్చి చూపించింది ఇందుకే. చమురు పరీక్షలోనూ బావికొక ప్రతి తెచ్చి, యంత్రంమీద గీతలు గీయించి, గీతకు గీత పోల్చి చూస్తారట. రెండు బావుల గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తే ఆ రెండూ ఒకే పొరలో కలిసివున్నాయని అనుమానించవచ్చు. కలవకపోతే నడుమ ఏదో గోడ వుంది.

"ఆవిడెవరి కూతురో తెలిసింది, సరే" అన్నాడు మావయ్య. "అత్తారింటికి ఏ దారిన వచ్చిందో తెలుస్తుందా?"

తెలుస్తుందిట. షేల్ పొర బిగుసుకున్నకొద్దీ చమురును బయటికి పిండేస్తుంది. నీటికంటె తేలిక గనక అది సందులున్న రాయి పట్టుకుని మెల్లిగా పైపైకి పోతుంది. పైన మూతలాగా బిగువైన రాయి అడ్డం వస్తే ఆగుతుంది. రాకపోతే నేలమీదికి వచ్చి ఆవిరైపోతుంది. ఈ దారిలో చమురుతోబాటు నత్రజని కలిసిన కొన్ని అణువులు బయలుదేరతాయి. అక్కచెల్లెళ్ళలాంటి రెండింటిని తీసుకుంటే, ఒకతె దారిలో మట్టిరేణువులకు తొందరగా అతుక్కుపోతుంది, రెండవది కొంత దూరం నడుస్తుంది. చివరికి మిగిలిన వాళ్ళ నిష్పత్తి చూసి ఎంత దూరం నడిచి వచ్చాయో అంచనా కడతారు. 1996లో స్టీవ్ లార్టర్ అనే శాస్త్రవేత్తా, ఆయన తోటివారూ ఈ సంగతి ప్రకటించారు. అయితే వేడి తేడాలు కూడా ఈ నిష్పత్తిని మారుస్తాయనీ, ఆ ఒక్క సాక్ష్యంమీదే తీర్పు చెప్పరాదనీ మేడమీది ఆయన హెచ్చరించారు.

ఇక మెట్టినిల్లు నిండే పద్ధతి. నేను గిన్నెలో నూనె పోసినట్లు నిండుతుందనుకున్నాను. కాదు.

"మీరు రోజూ సిటీబస్సు ఎక్కుతారు గదా" అన్నారాయన. "ఒకే తలుపు తెరిచారనుకోండి. నారాయణగూడలో ఎక్కినవాళ్ళను చిక్కడపల్లిలో ఎక్కినవాళ్ళు లోపలికి నెడతారు. చిక్కడపల్లివాళ్ళను రాంనగర్‌వాళ్ళు నెడతారు. చివరికి బస్సులో ఎవరు ఎక్కడ నుంచున్నారో చూస్తే ఏ తలుపు తెరిచారో చెప్పలేరా?"

చమురూ అంతే. పుట్టింట్లో మొదట దిగేది లేతపాకం. వేడి పెరిగినకొద్దీ వచ్చేది ముదురుపాకం. మెట్టినింటికి ఒక పక్కనుంచి లేతపాకం చేరుతుంది. తరువాత వచ్చిన ముదురుపాకం దాన్ని అవతలి పక్కకు నెడుతుంది. ఈ పాకం లేతదో ముదురో కూడా అణువులే చెబుతాయి. బతికిన ప్రాణి కొన్ని అణువులను ఒకే చేతివాటంతో తయారు చేస్తుంది. కోట్ల యేళ్ళ వేడికి వాటిలో కొన్ని రెండోచేతివాటానికి తిరుగుతాయి. దాదాపు సగానికి సగం అయ్యేదాకా ఈ మార్పు జరుగుతూనే వుంటుంది. ఆ పాళ్ళు కొలిస్తే ఎంత వుడికిందో తెలుస్తుంది.

కోట్ల యేళ్ళ తరువాత అంతా కలిసిపోదా అని అడిగాను. నిలువుగా కొన్ని గజాలమేర కలవడానికి లక్షల యేళ్ళు చాలునుగాని, అడ్డంగా కిలోమీటర్ల మేర కలవాలంటే కోట్ల యేళ్ళు పడుతుందిట. అందుకని చాలా పొరల్లో ఈనాటికీ ఈ చివరకూ ఆ చివరకూ తేడా మిగిలే వుంటుంది. 1987లో ఇంగ్లండ్ అనే ఇంటిపేరుగల ఒక శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ఈ లెక్కలన్నీ కట్టి చూపించారు. ముదురుపాకం ఏ పక్కన వుంటే తలుపు ఆ పక్కన వుంది. తలుపు తెలిస్తే, వచ్చిన దారి వెంట వెనక్కు వెళ్ళి, నడుమ ఇంకెక్కడైనా ఆగిందేమో వెతకవచ్చు. అదీ దీని ప్రయోజనం.

ఎప్పుడు వచ్చిందో చెప్పే సాక్షి మరొకటి వుంది. ఇసుకరేణువుమీద స్ఫటికం మెల్లిగా పెరుగుతున్నప్పుడు, పక్కనుంచి పోతున్న చమురు బొట్టు దానిలో చిక్కుకుపోతుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు, కొన్ని వెయ్యోవంతుల బొట్టు! అతినీలలోహిత కాంతిలో సూక్ష్మదర్శినిలో చూస్తే అది మిణుగురులా వెలుగుతుంది. తేలిక చమురు నీలంగా, బరువు చమురు పసుపుగా. బొట్టులో వున్న చిన్న బుడగ మాయమయ్యేదాకా వేడిచేస్తే, చిక్కుకున్న రోజున రాయి ఎంత వేడిగా వుండేదో తెలుస్తుంది. ఆ వేడి ఏ లోతులో వుంటుందో, ఆ లోతుకు రాయి ఎప్పుడు దిగిందో లెక్కకట్టి, చమురు గృహప్రవేశం చేసిన కాలం చెబుతారు.

"మా వరిచేలో కూడా బుడగలు వస్తాయండీ. అదీ ఈ గ్యాసేనా?" అన్నాడు మావయ్య.

"అది బురదలో సూక్ష్మజీవులు చేసిన మీథేను. కింద వుడికి వచ్చిన గ్యాసులో మీథేనుతోబాటు ఈథేను, ప్రొపేను కూడా సాధారణంగా కలిసివుంటాయి. అదొక తేడా. రెండోది, మీథేనులో వుండే కార్బన్‌లో తేలికదీ బరువుదీ అని రెండు రకాలు. సూక్ష్మజీవులకు తేలికదే ఇష్టం. కొలిస్తే దొంగ దొరుకుతాడు."

మన రాంనగర్‌నుంచి అడిక్‌మెట్, తార్నాకల మీదుగా నాలుగడుగులు వేస్తే హబ్సిగూడలో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వుంది. ఆ సంస్థవారు మీటరు రెండుమీటర్ల లోతునుంచి మట్టి తీసుకువచ్చి, ఆమ్లంతో కదిలించి, దానిలో అంటుకుని వున్న ఈ గ్యాసులను వందకోట్ల పాళ్ళలో ఎన్ని పాళ్ళో కొలుస్తారు. కృష్ణా గోదావరి మట్టినీ ఇట్లా పరీక్షించారు. మూతరాయి ఎంత బిగువైనా అణువులు కొన్ని పైకి జారుతూనే వుంటాయి. పొయ్యి ఎక్కడుందో పొగ చెప్పినట్లు అవి కిందివాటి జాడ చెబుతాయి.

పుట్టినిల్లూ మెట్టినిల్లూ అని వేళాకోళంగా చెప్పుకుంటున్నాం గాని, ఇందులో ఆస్తి తగాదాలూ వున్నాయి. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో 2002లో రిలయన్సువారికి పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. 2009లో ఉత్పత్తి మొదలైంది. పక్క హద్దు ఓఎన్‌జిసిది. మా పక్కనుంచి గ్యాసు వాళ్ళ బావుల్లోకి వెళ్ళిపోతున్నదని ఓఎన్‌జిసివారు 2014లో హైకోర్టుకు వెళ్ళారు. అమెరికా నిపుణుల సంస్థ ఒకటి పరీక్షించి, హద్దుకు ఇటూ అటూ పొరలు కలిసే వున్నాయనీ, సుమారు 1,100 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు అటు వెళ్ళిందనీ 2015లో చెప్పింది. ప్రభుత్వం పరిహారం అడిగింది. 2018లో మధ్యవర్తుల తీర్పు రిలయన్సు పక్షాన వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. కాగితంమీద గీసిన హద్దు రాయికి తెలియదు. రాయిలో వున్న దారి కాగితానికి తెలియదు. చూశారా, ఏ పొర దేనితో కలిసింది అన్నది పండితుల కాలక్షేపం కాదు. వేలకోట్ల రూపాయల ప్రశ్న.

చీకటి పడింది. మా ఆవిడ కాఫీలు పంపింది. మావయ్య అసలు ప్రశ్నకు వచ్చాడు.

"చెరువు లేదన్నారు. మరి నేల కుంగుతుందా, కుంగదా?"

ఆయన వెంటనే కుంగదు అనలేదు. అందుకే ఆయనమీద నాకు గౌరవం పెరిగింది. "సందుల్లోని చమురో గ్యాసో తీసేస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. రాయి కొంత బిగుసుకుంటుంది. రాయి మెత్తనిదై, పైపైన వుంటే ఆ ప్రభావం నేలమీదికి వస్తుంది. అమెరికాలో లాంగ్ బీచ్ అనే వూళ్ళో 1960ల నాటికి నేల ఒకచోట 29 అడుగులు దిగింది. నీళ్ళు లోపలికి ఎక్కించి ఆపారు. రాయి గట్టిదై కిలోమీటర్ల లోతున వుంటే కుంగుబాటు స్వల్పం. పైకప్పు కూలినట్లు కూలడం మాత్రం వుండదు. డెల్టా నేల తనంతట తాను కూడా దిగుతుంది. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తే పూడ్చేదీ వుండదు. ఏది ఎంత అన్నది యేటా కొలిచి చూడవలసిన విషయం. ఎవడో చెప్పాడని భయపడి అమ్ముకోవలసిన విషయం కాదు."

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"చెరువు లేదు, సరే" అన్నాడు చివరికి. "గొట్టం వుంది గదా!"

మేడమీది ఆయన తల వంచుకున్నారు. నాకూ అర్థమైంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే వూళ్ళో గ్యాసు గొట్టం పేలింది. పొయ్యి వెలిగించబోయినవాళ్ళూ, నిద్రలేవనివాళ్ళూ ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో తడి గ్యాసు పంపారనీ, ఆ తేమ గొట్టాన్ని లోపలినుంచి తినేసిందనీ తరువాతి విచారణలో తేలింది. ఆ వూరు మావయ్యకు పరాయి వూరు కాదు. అక్కడ ఆయన వియ్యాలవారి బంధువులున్నారు.

"పాతికకోట్ల యేళ్ళ కిందట ఏ ఆకు రాలిందో చెబుతున్నారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు బొట్టు పట్టుకుంటున్నారు. బాగానే వుంది. మా గుమ్మం ముందు మూడడుగుల లోతున వున్న గొట్టంలో ఏం పోతోందో, అది ఎంత చివికిపోయిందో చూసేవాడు లేకపోయాడా?"

"చూడడానికి విద్య వుందండీ" అన్నారాయన నెమ్మదిగా. "తడి వుందా, పొడి వుందా, ఇనుమును తినే వాయువులు ఎంత వున్నాయి అన్నది మా లాబొరేటరీలో పెద్ద పని కాదు. చూడాలన్న బుద్ధి వుండాలి. అడిగేవాళ్ళు వుండాలి."

నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను, మూలం తెలియకుండా మాటను వాడకండి అని. మూలం తెలుసుకోవడం గొప్ప విద్యే. ఆ రాత్రి మావయ్య దానికి మిగతా సగం చెప్పాడు. ఒక వస్తువు పుట్టినిల్లు తెలిస్తే చాలదు, మెట్టినిల్లు తెలిస్తే చాలదు. అది అక్కడినుంచి ఎవరి వాకిట్లోంచి పోతున్నదో కూడా తెలియాలి.

కిందికి దిగివచ్చాక మావయ్య ఆ అగ్రిమెంటును మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకోలేదు. బల్లమీద పెట్టి, పైన మంచినీళ్ళ చెంబు వుంచాడు.

"తోట అమ్మనురా. కాని నువ్వొక పని చెయ్యి. మా వూళ్ళోంచి పోయే గొట్టం ఎప్పుడు వేశారు, దాంట్లో ఏం పోతోంది, తడిదా పొడిదా, ఆఖరిసారి ఎప్పుడు పరీక్ష చేశారు, ఆ కాగితం మాకు చూపిస్తారా అని ఒక అర్జీ రాసిపెట్టు. సమాచార హక్కు చట్టం అంటూ ఒకటి వుందిటగా. మంచి తెలుగులో రాయి. నలుగురికీ చదివి వినిపించి సంతకాలు పెట్టిస్తాను."

ఇన్నేళ్ళలో నా ఎం.ఏ.ను మా వాళ్ళెవరూ ఒక పనికి పిలవడం ఇదే మొదటిసారి. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చుని రాశాను. నాలుగు ప్రశ్నలే. "తడి గ్యాసు" అన్న మాటదగ్గర కొంచెం ఆగి, పెద్దమాట ఏదైనా వెయ్యనా అని ఆలోచించి, ఆ మాటే వుంచేశాను. వూళ్ళో అందరికీ తెలియాలి గదా!

మావయ్య బుధవారం రాత్రి బస్సుకు వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "పుష్కరాల రేవులో చేప దొరికితే పంపిస్తాను. దాని పుట్టినిల్లు నేను పూచీ" అన్నాడు.